నిమ్మకాయ పాతదట

నిమ్మకాయ పాతదని రాయాలా? నేనా? మళ్లీ చదువు నాయనా, ఆ ముక్క మళ్లీ చదువు. "నా చేతిలో ఉన్న నిమ్మకాయ పాతది, రసం చచ్చిపోయింది, అందువల్ల తివాసీ మీద ఎరుపు మారలేదు, అంతేగానీ రంగులో ఏ లోపమూ లేదు." కింద నా పేరు. సెనాయిదా, అద్దకం మనిషి, అని. సంతకానికి గీత కూడా గీసి ఉంచారు. ఎంత శ్రద్ధో చూడు!

ఎవరు రాశారిది? మా మరిది ఫిదెన్సియోకి ఇంత బుర్ర లేదు. వాడు మూడు లైన్లు రాస్తే నాలుగు తప్పులుంటాయి. ఆ రెనాతా రాసుంటుంది. అదే, పట్నం నించి దొరల్ని బస్సులో తోలుకొస్తుందే, మెళ్లో ఈల వేసుకుని తిరుగుతుందే, ఆ పిల్ల. అవునా కాదా? చెప్పవులే. ఊరి పెద్దరికం కర్ర ఈ ఏడాది నీ చేతిలో ఉంది, నువ్వు ఆచితూచి మాట్లాడాలి.

మా పెరట్లో కాయ అది. ఆ పొద్దున్నే కోశాను. కత్తి పెడితే రసం మోచేతి దాకా కారింది. మా చెట్టు కాయ పాతదంటే నా మొహాన ఉమ్మేసినట్టే కదా?

సరే సరే, కూర్చుంటా. ఇదిగో, మెస్కల్ సారా తెచ్చాను, సీసా చిన్నదే. కచేరీకి వచ్చేవాళ్లు వట్టి చేతుల్తో రాకూడదనేవాడు మా ఆయన అబుందియో. తనూ కూర్చున్నాడుగా ఆ కుర్చీలో, అచ్చంగా నీ కుర్చీలోనే, ఏడాది పాటు, జీతం భత్యం లేకుండా, మగ్గం మూలపడేసుకుని. గ్లాసుల్లో పోయి. ముందు నేల మీద రెండు చుక్కలు, పోయినవాళ్లకి. ఆఁ. ఇప్పుడు తాగు.

ఆ దీపం వెయ్యవయ్యా, నీ మొహం కనబడటం లేదు. వాన మబ్బు ఒకటి, పైగా ఈ మూల ఎప్పుడూ చీకటే. అంత పెద్ద కిటికీ ఉంది అటుపక్క, ఎండంతా దాని ఎదుటి గోడ మీదే పడి చస్తుంది, మనుషులు మాత్రం ఈ చీకట్లో కూర్చుంటారు. నీ వెనకాల ఆ తివాసీ కూడా చూడు, పాపం, గుహలో దేవుడిలా.

ఏమన్నావు? విషయానికి రమ్మంటావా? ఒరే మౌరీలియో, నువ్వు ఈ కర్ర పట్టుకున్నావు గనక అయ్యా అంటున్నాను గానీ, నీకు మొలతాడు కట్టిన రోజు నేనక్కడే ఉన్నాను. మీ అమ్మ కాన్పులో నీ పొత్తిగుడ్డలు ఉతికింది నేను. నన్ను తొందరపెట్టకు.

విషయం నాకు తెలుసు. ఫిదెన్సియో వచ్చి ఫిర్యాదు చేశాడు. వదిన కావాలని నా తివాసీ మీద నిమ్మకాయ పిండింది, దొరల ముందు నా పరువు తీసింది, వీధిలో అందరి పొట్టా కొట్టింది అన్నాడు. ఆ ఫోన్లో తీసిన బొమ్మ ఎక్కడెక్కడికో పోయిందట, ఇక బస్సులు రావట. నేను ఈ కాగితం మీద సంతకం పెడితే సరి. లేకపోతే ఆదివారం సభలో తీర్మానం. మన ఊళ్లో ఎవరూ సెనాయిదాకి అద్దకానికి ఉన్ని ఇవ్వకూడదు, ఎవరూ ఆమె కుండ ముట్టకూడదు. అంతేనా? అంతే. నలభై ఏళ్లుగా మణికట్టు దాకా ఎర్రగా ఉన్న ఈ చేతుల్ని ఖాళీగా కడుక్కుని కూర్చోమంటున్నారు. అది నాకు చావుతో సమానం, తెలిసే అంటున్నారు.

నేను చెప్పానుగా నీకు. జారింది. చెయ్యి జారింది. నిమ్మచెక్కలు పళ్లెంలో పెట్టుకుని పులుసు వడ్డిస్తున్నాను, ఓ చెక్క జారి పడింది. ముసలి చెయ్యి. నువ్వూ ముసలాడివవుతావు, అప్పుడు తెలుస్తుంది.

అలా చూడకు.

మొదట్నించీ చెప్తా విను. మూడు రోజులట వాళ్ల కార్యక్రమం. ఒక రోజు కొండమీద పుట్టగొడుగులు ఏరడం, ఒక రోజు అద్దకం, ఒక రోజు మగ్గం. మూడు రోజుల్లో మన బతుకంతా నేర్చేసుకుని వెళ్లిపోతారు. మా అత్తగారు నాకు ఉన్ని కడగడం నేర్పడానికే రెండేళ్లు పట్టింది. వీళ్లకి మాత్రం మధ్యాహ్నం భోజనాల లోపే వచ్చేస్తుంది. పైగా ఆఖర్న తలా ఒక కాగితం ఇస్తుంది రెనాతా, నేర్చుకున్నారని.

మొదటి రోజు కొండ. నన్ను కూడా బస్సెక్కించాడు మా మరిది. "వదినా, నువ్వేం చెయ్యక్కర్లేదు, శాలువా కప్పుకుని జడల్లో రిబ్బన్లు కట్టుకుని ఊరికే నిలబడు" అన్నాడు. దిష్టిబొమ్మలా అన్నమాట. సరే పోయాను. పైన దేవదారు చెట్ల కింద పన్నెండు మంది గుండ్రంగా నిలబడితే, నన్ను ముందుకు లాగి ఏం చెప్పాడో తెలుసా? మా వదినకి పుట్టగొడుగుల విద్య అంతా వాళ్ల అమ్మమ్మ నేర్పింది అన్నాడు.

మా అమ్మమ్మ! ఆవిడ జన్మలో కొండెక్కలేదు. మన లోయవాళ్లకి పుట్టగొడుగుల సంగతి ఏం తెలుసయ్యా? కొండవాళ్లు ఆదివారం సంతకి బుట్టల్లో తెస్తే కొనుక్కుంటాం, మిరపకాయ వేసి పులుసు పెట్టుకుంటాం. అంతకుమించి ఏమన్నా తెలుసా నీకు? నాకూ అంతే.

మరి నోరు తెరిచి కాదన్నానా? అనలేదు. నవ్వాను. నలుగురూ నన్ను చూసి అబ్బో అంటుంటే బాగానే ఉంది, అబద్ధమెందుకు.

ఆ దొరల వేషాలు నువ్వు చూడాల్సింది. ఒకడు పుట్టగొడుగు కనబడగానే మోకాళ్ల మీద కూలబడి కళ్లు మూసుకున్నాడు. ఏమైందిరా నాయనా అనుకున్నా. పీకేముందు దాని అనుమతి అడుగుతున్నాడట! ఇంకోతి ప్రతి దాన్నీ వాసన చూసి, కళ్లనీళ్లు పెట్టుకుని, చిన్న పుస్తకంలో రాసుకుంటుంది. ఇంకొకడు మోకాళ్ల దాకా బూట్లు, నెత్తిన లైటు, నడుముకి కత్తి, చేతిలో భూతద్దం. యుద్ధానికి వచ్చినట్టు వచ్చాడు, సాయంత్రానికి రెండు ఏరాడు. మన కొండపిల్లలు బడికి పోతూ పోతూ ఒడినిండా ఏరుకుపోతారు. నవ్వాపుకోలేక శాలువా నోట్లో కుక్కుకున్నాను.

ఒక్కావిడ మాత్రం వేరు. ఇంగ్రిద్ అని ముసలావిడ, నా వయసే ఉంటుంది. ఎక్కడో మంచుదేశం. అక్కడ ఆవిడా నేతమనిషేనట. మాటా పలుకూ లేదు, ఫొటోలు లేవు, వంగి వంగి చూసుకుంటూ పోతుంది. ఆవిడ వేళ్లు చూశాను, కొసల్లో గట్టిపడిపోయి ఉన్నాయి, మన నేతగాళ్ల వేళ్లలాగే. దారం లాగి లాగి వచ్చేది, అది కొనుక్కుంటే వచ్చేది కాదు.

ఆవిడ ఒక తెల్లటి పుట్టగొడుగు తెచ్చింది నా దగ్గరికి. నున్నగా, కడిగిన గుడ్డులా ఉంది. భాష రాదుగా, నోటి దగ్గర పెట్టుకుని, తినొచ్చా అన్నట్టు కళ్లతో అడిగింది. అందరూ చూస్తున్నారు. ఫిదెన్సియో పళ్లికిలిస్తున్నాడు. నాకేం తెలుసని చెప్పను? పెద్ద గంభీరంగా తల ఊపాను.

తల ఊపాను నాయనా. ఆవిడ దాన్ని బుట్టలో అన్నిటికంటే పైన పెట్టుకుంది.

మధ్యాహ్నం ఆ కొండమనిషి హుస్తీనా బుట్టలన్నీ తిరగేసి ఏరుతూ, దాన్ని చూసి ఆగిపోయింది. రెండు వేళ్లతో తీసి దూరంగా పాతిపెట్టి, బూడిదేసి చేతులు తోముకుంది. ఆ బుట్ట మొత్తం పారబోసింది. కొండవాళ్ల మాట మనకి సగమే అర్థమవుతుంది గానీ, ఆ రోజు అంతా అర్థమైంది. అది తిన్న ఇంట్లో ముగ్గుర్ని ఒకే వారంలో పూడ్చిపెట్టారట. ఇది మంచిదని ఎవరు చెప్పారు అని అరిచింది.

ఇంగ్రిద్ నావైపు చూడను కూడా చూడలేదు. తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. నేనే ఏరాను, నాదే పొరపాటు అని.

నాకు తల కొట్టేసినట్టయింది. బస్సులో కిందికి దిగుతుంటే, ఆవిడ నా పక్కనే కూర్చుని రొట్టెముక్క సగం తుంచి ఇచ్చింది. తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను, తినలేదు.

ఇంకో గ్లాసు పోయి. నువ్వు తాగకపోతే మానెయ్, నాకు పోయి.

రెండో రోజు నాది. అద్దకం. అది నా రాజ్యం, అక్కడ నాకెవడూ ఏమీ నేర్పక్కర్లేదు. అయినా రెనాతా వచ్చి, అమ్మా, కాస్త మెల్లగా రుబ్బండి, ఫొటోలకి బావుంటుంది అంటుంది. మెల్లగా రుబ్బాలట! రంగిచ్చే పురుగు మెదిగేదాకా రుబ్బాలి గానీ ఫొటో పడేదాకానా? కుండలో పటిక కరిగిస్తుంటే ఒకడు వేలు పెట్టి నాకాడు. రుచి చూశాడట. నీలిమందు కుండ మూత తీస్తే ముక్కులు మూసుకుని పారిపోయారు, ఇంకా సహజమైన రంగులు కావాలంటారు. ఇక నాగజెముడు మీంచి ఎర్రపురుగు తీసి అరచేతిలో నలిపితే, అయ్యో పాపం చచ్చిపోయిందని ఒకతి మొహం తిప్పుకుంది. పొద్దున్న కోడిగుడ్లు నాలుగు మింగింది అదే తల్లి.

నా ఆట నీకు తెలుసుగా. పురుగుని అరచేతిలో నలుపుతాను, రక్తంలాంటి ఎరుపు. సున్నపునీటి చుక్క వేస్తే ఊదా. పక్కన నిమ్మరసం పిండితే, ఒకటి, రెండు, మూడు అనేలోపు నారింజ. అసలైన పురుగు ఎరుపు నిమ్మకి మారి తీరుతుంది, పొడి రంగు చచ్చినా మారదు, గుర్తుపెట్టుకోండి అని చెప్తాను. ప్రతి గుంపుకీ చెప్తాను. ఆ రోజూ చెప్పాను. రెనాతా వాళ్ల భాషలో చెప్పింది. పన్నెండు మందీ చేతులు చాపారు, పన్నెండు చేతుల్లో పిండాను, పన్నెండు నోళ్లు వెళ్లబెట్టారు.

ఇంగ్రిద్ మాత్రం సన్నికల్లు ముందు మోకాళ్ల మీద కూర్చుని రుబ్బింది. నా మొహం చూసి, మెదిగిందా అని అడుగుతూ, మళ్లీ రుబ్బుతూ, పిండి కంటే మెత్తగా అయ్యేదాకా లేవలేదు. ఆవిడకి ఒక చిలప ఉన్నిదారం ఇచ్చి నా కుండలోనే ముంచనిచ్చాను. నా కోడలికి కూడా ఇవ్వలేదు ఆ కుండ.

మూడో రోజు మగ్గం. తలా ఒక మగ్గం మీద కూర్చోబెట్టి, వంకరటింకరగా నాలుగు వేళ్ల మేర నేయించాడు మా మరిది. ఆహా ఓహో అంటూ చప్పట్లు. వాళ్లు వెళ్లగానే అదంతా విప్పి మళ్లీ నేస్తాడు వాడు, ప్రతిసారీ అంతే. విప్పకుండా ఉంచింది ఒక్క ఇంగ్రిద్ నేసిందే. అది విప్పడానికి వాడికి కూడా సిగ్గేసింది.

ఆ తర్వాత భోజనాలు. కొండమీంచి తెచ్చిన పుట్టగొడుగుల పులుసు, హుస్తీనా ఏరి ఇచ్చినవే, భయపడకు. అందరూ నేల మీద తివాసీల మధ్య కూర్చున్నారు. అప్పుడు బయటికి తీశాడు మా మరిది, తన సరుకు. ఒక్కొక్కటే దులిపి పరుస్తున్నాడు. ఇది దానిమ్మ తొక్క, ఇది బంతిపువ్వు, ఇది నాచు. నాచట! నాచు మొహం చూశాడా వాడెప్పుడైనా? ప్యాకెట్లే అన్నీ. పట్నం బజార్లో రంగుపొడి దుకాణం ముందు మనవాళ్లందరూ ఒకళ్లకొకళ్లు ఎదురుపడి, మొహాలు తిప్పుకుని పోతుంటారు, నాకు తెలీదా? నువ్వు కూడా. తల దించుకోకు, నేను తిట్టడానికి రాలేదు. పురుగు పెంచి, ఏరి, ఎండబెట్టి, రుబ్బి, ఉడకబెట్టి అద్దితే తివాసీకి ఎంత కాలం పడుతుందో నాకు తెలుసు. పిల్లలు తినాలి. ప్యాకెట్ వేసుకోండి, ఎవరొద్దన్నారు? ప్యాకెట్ అని చెప్పండి. అంతే నేనడిగేది.

ఆఖర్న పెద్దది తీశాడు. ఎర్రది, మధ్యలో నక్షత్రం, అంచుకి మెట్లు. బావుంది, నేత బావుంది, వాడి చేతికి వంక పెట్టను. కానీ ఆ ఎరుపు చూడగానే తెలిసిపోయింది. ప్యాకెట్ ఎరుపు. అరిచే ఎరుపు. దాన్ని ఇంగ్రిద్ ఒళ్లో పరిచి, నా వైపు చెయ్యి చూపించి అన్నాడు, "ఇది మా వదిన చేతి ఎరుపు."

నా చేతి ఎరుపట.

ఆవిడ మొహం విప్పారింది. చెయ్యి వేసి రాసుకుంది. రెనాతాతో ఏదో చెప్పింది. ఇంక నేను ఎక్కడికీ ప్రయాణాలు చెయ్యలేను, ఇదే ఆఖరుది, ఆమె చేసిన ఎరుపు ఒకటి ఇంటికి తీసుకుపోతాను అందట. చెప్పి, నావైపు చూసింది. కళ్లతో అడిగింది. అచ్చం కొండమీద ఆ తెల్లదాన్ని పట్టుకుని అడిగినట్టే. మీదేనా?

ఫిదెన్సియో పళ్లికిలిస్తున్నాడు. రెనాతా చూస్తోంది. మళ్లీ ఒక్కసారి తల ఊపితే చాలు.

సరేలే, విను. జారలేదు. చెయ్యి జారలేదు. పళ్లెం కింద పెట్టి, నిమ్మచెక్క తీసుకుని, ఆ నక్షత్రం నడిమధ్యన పిండాను. గింజలు కూడా పడేదాకా పిండాను. ఒకటి చాలక రెండోది కూడా పిండాను. రాసుకో నీ కాగితంలో.

మావాడి మొహం చూడాలి. కానీ ఆ దొరలున్నారే, వాళ్లకి మహా సంబరం! ముందురోజు ఆట మళ్లీ జరుగుతోందనుకున్నారు. గిన్నెలు వదిలేసి చుట్టూ మూగారు. ఒకడు ఫోను తీశాడు. అందరూ కలిసి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టారు. మారలేదు. మళ్లీ మొదట్నించి లెక్కపెట్టారు. ఆ బూట్లవాడైతే భూతద్దం కూడా తీశాడు. పులుసు చల్లారిపోయింది. ఎరుపు ఎరుపులాగే కూర్చుంది. కాసేపటికి ఒక్కొక్కళ్లూ వెనక్కి జరిగి, ఎవరి బూట్లు వాళ్లు చూసుకోవడం మొదలుపెట్టారు. రెనాతా మాత్రం, ఉన్ని కదా, టైము పడుతుంది అంటోంది.

ఇంగ్రిద్ తివాసీ చక్కగా మడిచింది, అంచులు కలిపి, మన నేతగాళ్లు మడిచినట్టు. తీసుకెళ్లి దొంతర మీద పెట్టింది. వచ్చి నా తడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, కాసేపు అలాగే పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. వాళ్లందరి ముందూ ఏడ్చాను. దానికి కూడా ఫొటో తీసుంటారు.

ఇదీ జరిగింది. సంతకం పెట్టమంటావా ఇప్పుడు?

వీధి సంగతి ఆలోచించు అంటావు. పెద్దమ్మా, ఒక్క సంతకం, ఎవరికి నష్టం అంటావు. నిజమే. పదహారు మగ్గాలు మా వీధిలో. మా మరిది పిల్లలు నా చేతి రొట్టె తిని పెరిగినవాళ్లే. వాళ్ల నోట్లో మట్టి కొట్టాలని నాకుందా? ఆ దొరల్ని చూస్తే నాకు అసహ్యం, ఆ రెనాతా ఈలని చూస్తే అసహ్యం, మావాడి ఇకిలింపు చూస్తే అసహ్యం. నిజం చెప్పొద్దూ, నీ ఈ నీళ్లు నమలడం చూసినా అసహ్యమే. కానీ అసహ్యంతో పిండలేదు నేను.

ఎందుకు పిండానో చెప్తా. నీకే చెప్తున్నా. దాని వెనకున్న సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు.

వెనక్కి తిరుగు. ఆ తివాసీ చూడు. మా ఆయన ఈ కుర్చీలో ఏడాది సేవ ముగించి, ఊరికి కానుకగా నేసిచ్చింది. నీకప్పుడు పదేళ్లు ఉంటాయేమో, దాని కిందే నించుని మిఠాయి తిన్నావు. పక్కన చీటీ ఉంది చూడు, అద్దం బిగించి మరీ పెట్టారు. చదువు. "నేత అబుందియో. ఎరుపు సెనాయిదా. మన లోయ జెముడు పురుగు." కింద నా సంతకం. ఇరవై రెండేళ్లుగా వచ్చిన ప్రతి పెద్దమనిషికీ, ప్రతి బస్సుకీ అదే చూపిస్తున్నారు. అది చూశాకే గదా నన్ను అద్దకం మనిషి అన్నారు. అది చూశాకే గదా ఆ గుంపులు నా గుమ్మం దాకా వచ్చింది.

ఆ ఏడు వడగళ్లు పడ్డాయి. మీ అమ్మనడుగు, గుర్తుండే ఉంటుంది. నా జెముడు మట్టలన్నీ చితికిపోయాయి, పురుగు మొత్తం కొట్టుకుపోయింది. ఒక్క పిడికెడు మిగల్లేదు. ఆయనేమో ఊరంతా చాటేశాడు, సెనాయిదా ఎరుపుతో నేస్తానని. ఎవరినైనా అడిగితే ఇచ్చేవాళ్లే. మా అత్తగారింకా బతికే ఉంది, ఆవిడ దగ్గర ఎండబెట్టిన డబ్బా ఉంది, ఒక్క మాట అడిగితే చాలు. అడగలేదు. నా దగ్గర ఎరుపు లేదని చెప్పడానికి నోరు రాలేదు నాకు. అంత పొగరు. పట్నం పోయి ప్యాకెట్ తెచ్చుకున్నాను, జాకెట్లో దాచి. ఆయన చర్చికి వెళ్లినప్పుడు కుండలో పోశాను. కాగితం పొయ్యిలో వేశాను.

ఏమిటలా చూస్తావు? అవును. నీ వెనకాల ఉన్నది ప్యాకెట్టే. ఊరికి మొట్టమొదటి ప్యాకెట్ తెచ్చింది నేనే అయ్యుంటాను, నాకు తెలీదు.

ఆయనకి తెలీదనే అనుకున్నాను. అద్దిన దారపు చిలపలు ఇస్తే ఎప్పుడూ ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు, పురుగు ఎరుపుకి ఒక వాసన ఉంటుంది. ఆసారి చూడలేదు. తీసుకుని సరాసరి మగ్గం దగ్గరికి పోయాడు. పని తొందరేమో అనుకున్నా. నేసినన్నాళ్లూ ఒక్క మాట లేదు. ఇక్కడ తగిలించే రోజున, ఆ ఎండ పడే గోడకి మేకు కొట్టి ఉంచారు, అక్కడైతే వెలుతురు పడుతుంది, అందరికీ కనబడుతుంది అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఈ చీకటి మూలే కావాలన్నాడు. పెద్దవాళ్లతో గొడవపడి మరీ ఇక్కడ తగిలించాడు.

నేనప్పుడు ఏమనుకున్నానో తెలుసా? ఎంత వినయం మా ఆయనకి అనుకున్నాను.

ఎండ తగిలితే ప్యాకెట్ ఎరుపు రెండేళ్లలో వెలిసిపోతుంది నాయనా. నేతగాడికి ఆ మాత్రం తెలీదూ?

మొన్న ఇంగ్రిద్ ఆ తివాసీ మడుస్తుంటే తట్టింది నాకిది. ఇన్నేళ్లకి. ఆయన తెలిసే నేశాడు, తెలిసే దాచాడు, నన్ను ఒక్క మాట అడగకుండా, నాకు సిగ్గుపడే అవకాశం కూడా ఇవ్వకుండా పోయాడు. మంచం మీద ఆఖరి వారం కూడా నా చేతులు పట్టుకుని, ఎంత ఎర్రగా ఉన్నాయో అన్నాడు. నేను నవ్వాను.

నలభై ఏళ్లు అసలైనదే అద్దాను, ఆ ఒక్కటి తప్ప. నాకు పేరు తెచ్చింది మాత్రం ఆ ఒక్కటే. మొన్న మావాడు ఇంకో ప్యాకెట్ నా పేరున పరిస్తే, మళ్లీ తల ఊపలేకపోయాను, అందుకే పిండాను. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్.

కాబట్టి ఆ కాగితం అటు పెట్టు. ఒక అబద్ధం కింద నా సంతకం ఉంది చాలు, రెండోది పెట్టను. ఆదివారం సభలో ఏం తీర్మానిస్తారో తీర్మానించుకోండి. ఉన్ని ఇవ్వకపోతే ఇవ్వకండి.

ఇదిగో, ఇది కూడా తెచ్చాను. ఏప్రాన్ జేబులో పెట్టుకొచ్చాను. పొద్దున కోసిందే, వాసన చూడు. పాతదో కాదో నువ్వే తేల్చు. కుర్చీ జరుపుకుని లేచి, నా ఎరుపు మీద ఒక్క చుక్క పిండు. నువ్వు ఊరి పెద్దవి, నీ చేత్తో పిండితే అది న్యాయం. నేను పిండితే మళ్లీ చెయ్యి జారిందంటారు.

లే మరి.

తలుపు ఎందుకు వేస్తున్నావు? వానజల్లు లోపలికి కొడుతోందా. అలాగే.

నిమ్మకాయ సొరుగులో పెట్టేశావేం?

ఓహో. తాళం కూడానా?

సరేలే. వాళ్లందరికీ తిండి కావాలి, నీకు ఏడాది గడవాలి, ఆ గోడకి ఏదో ఒకటి వేలాడాలి. నేనేమీ అనను. ఆ మిగిలిన మెస్కల్ నువ్వే తాగు. ఆ గొడుగు ఇలా అందుకో. సంతకం పెట్టలేదు, చూసుకున్నావుగా.

ఆ నిమ్మకాయ ఉంచుకో నాయనా. మా చెట్టుకి ఇంకా బోలెడున్నాయి.